హైదరాబాదు ఎన్ని చుట్టల దూరం?

కుంపటి దగ్గరికి జరుగు నాయనా. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు, దానికి చలి వెయ్యదులే. ముక్కనుమ కూడా వెళ్ళిపోయింది గానీ మా అనకాపల్లి వైపు చలి ఇంకా దుప్పట్లో దూరుతూనే ఉంది. నిప్పుల్లో చిలగడదుంపలు పెట్టాను. అవి మగ్గేదాకా నీకు వేరే పనేమీ లేదు కదా, విను.

ఇందాక భోజనాల దగ్గర మీ నాయనమ్మ "హైదరాబాదు ఎంత దూరంరా?" అని అడిగితే కంచంలోంచి తల ఎత్తకుండా "గంటంబావు" అన్నావు. ఆవిడ ఊరుకుంది. నాకే ఆ మాట చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. దూరం అడిగితే టైము చెప్పావని కాదు. మా పెద్దవాళ్ళూ అలాగే చెప్పేవాళ్ళు. లెక్క తప్పు చెప్పావని.

మా నాయనమ్మ అడ్డపొగ తాగేది. నువ్వు చూసి ఉండవు. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, పొలం పని మొత్తం చేసేవాళ్ళు మా ఉత్తరాంధ్ర ఆడవాళ్ళు. గాలికి నిప్పు ఆరదు, వానకి తడవదు. ఆవిడకి మైలంటే తెలీదు. కశింకోట ఎంత దూరమే అంటే "చుట్టన్నర" అనేది. మన గుమ్మంలో ముట్టించిన చుట్ట అయిపోయి, రెండోది సగం కాలేసరికి ఊరొస్తుందన్నమాట. "మరి నెత్తిన మూట ఉంటేనో?" అంటే ఒక్క క్షణం ఆలోచించి, "అప్పుడు రెండు" అనేది. చూశావా, ఆవిడ లెక్కలో మూట కూడా ఉంది! నీ ఫోను లెక్కలో మూట లేదు. అదీ నా బాధ.

చదువుకున్నవాళ్ళు క్రోసులూ ఆమడలూ అనేవాళ్ళు. క్రోసంటే రెండు మైళ్ళు, నాలుగు క్రోసులు ఆమడ. ఆ లెక్కన విశాఖ నుంచి హైదరాబాదుకి రోడ్డు మీద సుమారు 620 కిలోమీటర్లు, అంటే నలభై ఎనిమిది ఆమడలు. ఎడ్లబండి రోజుకి రెండు ఆమడలు నడిస్తే అదే గొప్ప. ఇరవై నాలుగు మజిలీలు. మజిలీ అంటే ఆగిన చోటు. వంట, నిద్ర, ఎడ్లకి మేత, ఆ ఊరి కబుర్లు, అన్నీ మజిలీ కిందే లెక్క. అసలు మనవాళ్ళు కథల్నే మజిలీలతో కొలిచారు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు అలా వచ్చినవే.

కాశీ అన్నాను కాబట్టి ఒక మాట చెప్పి వెనక్కి వచ్చేస్తాను. ఏనుగుల వీరాస్వామిగారని, మద్రాసులో సుప్రీంకోర్టులో పనిచేసిన పెద్దమనిషి. 1830లో కాశీకి బయల్దేరాడు. బోయీలు మోసే పల్లకీ, వెనకాల పరివారం. పోయేటప్పుడు హైదరాబాదు మీదుగా పోయాడు. కాశీ, గయ, కలకత్తా చూసుకుని సముద్రం ఒడ్డునే తిరిగొస్తూ మన విశాఖ వైపు వచ్చాడు. అంటే ఆయన హైదరాబాదు నుంచి విశాఖకి కాశీ మీదుగా చేరాడన్నమాట! మొత్తం యాత్రకి పదిహేను నెలల పదిహేను రోజులు. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం" అనుకునే రోజుల్లో ఆయన వెళ్ళడమే కాదు, దారిలో ఎక్కడ నీళ్ళు మంచివో, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుందో రాసి మరీ పెట్టాడు. దూరం తెలిసిన మనిషంటే ఆయన.

సరే, వెనక్కి వద్దాం. ఒక దుంప తిరగేయి, ఓ పక్క మాడుతున్నట్టుంది.

పటం తీసి చూస్తే విశాఖ, హైదరాబాదు దాదాపు ఒకే అడ్డగీత మీద ఉంటాయి. గీతకర్ర పెట్టి గీస్తే 510 కిలోమీటర్లు, ఓ రెండు అటో ఇటో. కానీ మధ్యలో మన్యం కొండలు, అడవులు, గోదావరి. అందుకని రైలు దక్షిణానికి బెజవాడ దాకా దిగి, మళ్ళీ వరంగల్లు, కాజీపేట మీదుగా పైకెక్కి పోతుంది. 700 కిలోమీటర్ల పైచిలుకు. ఒక్క జత ఊళ్ళకే మూడు దూరాలున్నాయి నాయనా, గాలిదారి ఒకటి, రోడ్డుదారి ఒకటి, రైలుదారి ఒకటి. నాలుగోది గుమ్మం దారి. అది నీకు చివర్లో చెబుతాను.

ఇంకో తమాషా ఏమిటంటే, నా చిన్నతనంలో హైదరాబాదు మాకు దూరం కూడా కాదు. అసలు లెక్కలోనే లేదు. పట్నమంటే మద్రాసు. కోర్టు పనైనా, పెద్ద వైద్యమైనా, సినిమాల్లో వేషం మీద మోజైనా అందరూ మద్రాసు మెయిలు ఎక్కేవాళ్ళు. 1953 నుంచి మూడేళ్ళు కర్నూలు రాజధాని అయింది. 1956 నవంబరు ఒకటిన ఆంధ్రప్రదేశ్ వచ్చేసరికి, తెల్లారి లేచి చూస్తే మా కాగితాలన్నీ హైదరాబాదులో ఉన్నాయి! కొండ కదల్లేదు, ఏరు కదల్లేదు. కచేరీ కదిలింది. దాంతో మా జిల్లా బడిపంతుళ్ళూ గుమాస్తాలూ హైదరాబాదు దారి కనుక్కోవడం మొదలెట్టారు.

మా నాన్న బడిపంతులే. 1958లో జీతం కాగితాల పని పడి, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. నాకు పన్నెండేళ్ళు. ప్రయాణం సాయంత్రమైతే ఇంట్లో హడావుడి ముందురోజు నుంచే. మరచెంబులో నీళ్ళు. అంటే మర మూత ఉండే ఇత్తడి చెంబు. తొణకదు, ఒలకదు, నెత్తిన పడితే మాత్రం బొప్పి కడుతుంది. అరిటాకులో పులిహోర, గుడ్డలో కట్టిన దిబ్బరొట్టె ముక్కలు, సీసాలో మజ్జిగ. హోల్డాల్లో ఒక పరుపు, రెండు దుప్పట్లు. ఇప్పుడు నువ్వు భుజాన తగిలించుకునే సంచీలో ఒక్క చార్జరు పెట్టుకుని ఊరేగుతున్నావు గానీ, అప్పుడు సగం ఇల్లు మాతోనే వచ్చేది.

విశాఖ స్టేషన్ని అప్పుడు వాల్తేరు అనేవాళ్ళం. అక్కడ బండెక్కి కిటికీ దగ్గర కూచున్నాను. బొగ్గు ఇంజను. అనకాపల్లి దాటకుండానే కంట్లో నలుసు పడింది. నాన్న తన పంచె చెంగు నోట్లో పెట్టి తడిపి, సన్నగా మెలేసి, నా కంటిరెప్ప వేలితో ఎత్తి పట్టుకుని ఆ నలుసు తీశాడు. నల్లటి ఆవగింజంత. పంచె కొసన పెట్టి చూపించి, "ఇదిగో, దీనికా అంత ఏడుపు?" అన్నాడు. అయినా కిటికీ వదల్లేదు నేను. మళ్ళీ పడింది, మళ్ళీ తీశాడు. బెజవాడ చేరేసరికి నా రెండు కళ్ళూ చింతనిప్పులు.

మధ్యలో గోదావరి. రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన మీదకి బండి ఎక్కగానే నిద్రపోతున్నవాళ్ళంతా లేచి కూచునేవాళ్ళు. ఆడవాళ్ళు చెంగుముడి విప్పి కానీయో అర్ధణాయో తీసి నీళ్ళలోకి విసిరి దణ్ణం పెట్టుకునేవాళ్ళు. 56 ఖానాల వంతెన అది. 1900లో వచ్చింది. అంతకు ముందు మా తాత కాలంలో బండి గోదావరి ఒడ్డున ఆగిపోయేది. దిగి, మూటలు మోసుకుని, లాంచీలో ఏరు దాటి, అవతలి ఒడ్డున ఇంకో బండెక్కాలి. తాత ఎప్పుడు వంతెన గురించి మాట్లాడినా, "గోదారి పెద్దది కాదురా, దాటడం పెద్దది" అనేవాడు. ఆ వంతెన 1997 దాకా రైళ్ళు మోసింది.

బెజవాడలో దిగి, ప్లాట్‌ఫారం మీద హోల్డాలు పరిచి, పులిహోర తిని, సికింద్రాబాదు బండి కోసం కాచుకున్నాం. ఆ లైను 1889లో నిజాం గారి కంపెనీ వేసింది. అలా రెండు రాత్రుళ్ళు, ఒక పగలు. మూడోనాడు పొద్దున్న హైదరాబాదులో దిగాం. నాన్న కాఫీ అడిగితే ఇరానీ హోటలాయన నవ్వి చాయ్ తెచ్చిపెట్టాడు. తాగి డబ్బిస్తే చిల్లరలో ఒక వింత బిళ్ళ వచ్చింది. అదిగో, ఆ గూట్లో వక్కల డబ్బా ఇలా ఇయ్యి. ఇదే ఆ బిళ్ళ, చూడు, చార్మినారు బొమ్మ ఉంది. హాలీ సిక్కా అంటారు, నిజాం రాజ్యపు నాణెం. ఏడు హాలీ రూపాయలంటే సుమారు ఆరు కల్దారు రూపాయలు. కల్దారు అంటే మన రూపాయి. ముద్ర వెయ్యడం అప్పటికే ఆపేసినా 1959 దాకా చెల్లుబాటులో ఉంచారు. అందులోనూ అప్పటికి ఏడాది కిందటే నయాపైసలు వచ్చాయి. ఒక్క చాయ్‌కి మూడు రకాల లెక్కలు! నాన్న లెక్కల పంతులు, అయినా అక్కడ వేళ్ళు లెక్కపెట్టుకుంటూ నిలబడిపోయాడు. ఇంటికొచ్చాక ఈ బిళ్ళ ఎక్కడా చెల్లలేదు. అందుకే మిగిలింది.

తర్వాత 1974 ఫిబ్రవరిలో వాల్తేరు నుంచి హైదరాబాదుకి సూటిగా బండి వేశారు. అదే మన గోదావరి ఎక్స్‌ప్రెస్. అప్పటికి నేను ఉద్యోగస్తుణ్ణి. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. బెజవాడలో మూటలు దించే బాధ లేదు. ఆ బండి మా జిల్లా వాళ్ళ పాలిట ఇంటి బండి. ఎక్కగానే పెట్టెలో సగం మంది తెలిసినవాళ్ళే. ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో, ఎవరికి బదిలీ అయిందో తుని దాటేసరికి తెలిసిపోయేది. వెళ్ళిన మనిషి చేరాడో లేదో తెలియాలంటే పది పైసల కార్డు. అది నాలుగోనాడు వచ్చేది. ఒక్కోసారి కార్డు కంటే మనిషే ముందు తిరిగొచ్చి, తన కార్డు తనే పోస్టుమాను దగ్గర అందుకునేవాడు.

ఇక నీ విమానం సంగతి. విశాఖ విమానాశ్రయం నేవీ వాళ్ళది, ఐఎన్ఎస్ డేగా. అందులో మామూలు జనానికి 1981లో విమానం మొదలైంది, రోజుకి ఒక్కటి. మా వాళ్ళలో మొట్టమొదట ఎక్కింది మా పెద్ద బావగారు. బెల్లం వ్యాపారి. 1983లో హైదరాబాదులో ఒక ఆఫీసులో పని పడింది. "గంటలో పోయి గంటలో వస్తాను" అని ఊరంతా చెప్పాడు. టికెట్టు ఖరీదు నా జీతంలో దాదాపు సగం. టికెట్టంటే ఇప్పటిలా ఫోన్లో గళ్ళ బొమ్మ కాదు, సన్నటి పుస్తకం. మధ్యలో కార్బను కాగితం. ఆ టికెట్టు పది రోజులు దేవుడి గూట్లో ఉంది.

సాగనంపడానికి పదకొండు మందిమి వెళ్ళాం. మే నెల ఎండలో ఆయన కోటు తొడిగాడు. అక్కయ్య పులిహోర కట్టింది. "గంట ప్రయాణానికి అన్నమెందుకే" అంటే, "పైన ఏం దొరుకుతుందని" అంది. ఆయన లోపలికి వెళ్ళాక మేం గోడ పక్కనే చింతచెట్టు నీడన కూచున్నాం. విమానం నాలుగు గంటలు ఆలస్యం. పులిహోర లోపల ఆయనతో ఉంది, ఆకలి బయట మాతో ఉంది. చివరికి అది లేచి కొండల మీదుగా తిరిగి కనుమరుగయ్యేదాకా చేతులు ఊపాం, ఆయనకి కనబడుతుందన్నట్టు.

ఆయన బేగంపేటలో దిగేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆఫీసులో కలవాల్సినాయన వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న పదిన్నరకి మళ్ళీ వెళ్తే, వరండాలో బెంచీ మీద మా ఊరి బట్టల కొట్టాయన కూచుని ఉన్నాడట, నుదుట బొట్టు పెట్టుకుని, తల దువ్వుకుని. "నువ్వెప్పుడు బయల్దేరావయ్యా?" అన్నాడు బావగారు. "నిన్న సాయంత్రం. మిమ్మల్ని ఎక్కించి మీవాళ్ళు వెనక్కొస్తుంటే బజార్లో కనబడ్డారు. నేను కొట్టు కట్టేసి, గోదావరి ఎక్కి, పడుకుని లేచాను" అన్నాడు ఆయన. "పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అని మా బావగారు ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఎవరు తొందరపడ్డా అనేవాడు. పాపం, మంచి మనిషి. విమానంలో ఇచ్చిన ఫలహారం పెట్టె విప్పకుండా ఇంటికి తెచ్చాడు. అందులో ఉన్న ఒక్క కేకు ముక్కని అక్కయ్య దారంతో పదకొండు ముక్కలు కోసింది. నా వంతు ముక్క పెసరబద్ద కంటే కొంచెం పెద్దది. చెవుల్లో పెట్టుకోమని పళ్ళెంలో తెచ్చిన దూదిని కూడా జేబులో వేసుకొచ్చాడు. ఆ దూదితో అక్కయ్య కార్తీకమాసంలో వత్తి చేసి వెలిగించింది.

మన పక్కింటాయన నేవీలో చేసి రిటైరైనవాడు. ఈ గంటంబావు లెక్క ఏమిటని ఓసారి అడిగాను. చక్రాల కింద పెట్టిన దిమ్మెలు తీసిన దగ్గర్నుంచి, అక్కడ దిగి మళ్ళీ దిమ్మెలు పెట్టేదాకా టైంటేబుల్లో వేస్తారట. గాలిలో ఉండేది ఇంకా తక్కువ. పంకా విమానం, అదే ఆ ఏటీఆర్, గంటకి 500 కిలోమీటర్లు పోతుంది. జెట్టు 800 పైన. మరి జెట్టు అంత ముందెందుకు చేరదంటే, దూరం చిన్నది కదా, పైకెక్కడం దిగడంతోనే సరిపోతుంది. చలికాలంలో పైన పడమటి గాలి వీస్తుంది కాబట్టి హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు నాలుగు నిమిషాలు కలిసొస్తుంది, పోయేటప్పుడు అవే నిమిషాలు పోతాయి. వానాకాలంలో పైగాలి తూర్పు నుంచి తిరగబడితే లెక్క తారుమారు. అంటే నువ్వు రేపు ఎదురుగాలికి పోతున్నావు.

ఇప్పుడు నాలుగో దూరం. బేగంపేట విమానాశ్రయం ఊరి నడుమ ఉండేది. దిగి ఆటో ఎక్కితే పావుగంటలో అమీర్‌పేట. 2008 మార్చిలో శంషాబాదుకి మార్చారు. అది ఊరికి పాతిక కిలోమీటర్ల దూరం. గాలిలో దూరం మారలేదు, నేల మీద పెరిగింది. మనవైపు భోగాపురం విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపన చేశారు. అక్కడి నుంచి ఎగరాలంటే మన ఊరి వాళ్ళం విశాఖ మొత్తం దాటి విజయనగరం జిల్లాలోకి పోవాలి. దూరపు కొండలు నునుపు అన్నట్టు, విమానాశ్రయాలు దూరం జరిగేకొద్దీ అద్దాలూ పాలరాళ్ళూ పెరుగుతున్నాయి. చక్కగా ఉన్నాయి, కాదనను. ఎక్కవద్దనీ అనను. నీ ఉద్యోగం నీది, సెలవు నాలుగు రోజులు. సికింద్రాబాదుకి వందేభారత్ కూడా వచ్చింది, 2023 సంక్రాంతి నుంచి, ఎనిమిదిన్నర గంటల్లో దింపుతోంది. ఏది వీలైతే అది ఎక్కు. కానీ ఇంటికి రావడానికి "అమ్మో దూరం" అనుకునే రోజు, ఇంట్లోంచి పోవడానికి "గంటంబావే కదా" అనుకుని ఆఖరి నిమిషందాకా పడుకునే రోజు, రెండూ నేను చూస్తున్నాను. ఆ రెండింటికీ ఒకే లెక్క వాడు, అంతే అడుగుతున్నాను.

లెక్క ఇదీ. మన గుమ్మంలో మూడున్నరకి కారెక్కుతావు. నాలుగుంబావుకి విమానాశ్రయం. సంచీ తూకం, తనిఖీ, వరస. ఆరుంబావుకి విమానం. ఏడున్నరకి శంషాబాదు. నాయనమ్మ కట్టిన అరిసెల డబ్బా, బెల్లం దిమ్మ పెట్టెలో వేశావు కాబట్టి దాని కోసం అక్కడ ఇంకో అరగంట. అదీ మూట. అక్కడి నుంచి మియాపూరులో నీ గది తలుపు తాళం తీసేసరికి తొమ్మిదిన్నర. గుమ్మం నుంచి గుమ్మానికి ఆరు గంటలు. మా నాయనమ్మ లెక్కలో తొమ్మిదో పదో చుట్టలు.

దుంపలు మగ్గాయి. ఈ పెద్దది నువ్వు తీసుకో, తొక్క వేడిగా ఉంది, ఊదుకుని తిను. తిన్నాక లోపలికెళ్ళి నాయనమ్మకి ఆరు గంటలని చెప్పి పడుకో. మూడింటికి నేనే లేపుతాను.